ఇనుమునకు ఋణపడుదుమా?

మా మేనమామగారు విశాఖపట్టణమున ఒక కర్మాగారమునందు ముప్పది యేండ్లకు పైగా షంటింగు ఇంజను నడిపి, అరువదవ యేట విరమించి, మండపేటకు వచ్చి మా వీధిలోనే కాపురమున్నారు. కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలము వారు మా అరుగుమీద కూర్చుండి, చేతిలోని ఫోనును నావైపు త్రిప్పి ఒక ఛాయాచిత్రమును చూపిరి. తుమ్మపొదల నడుమ, చక్రములు తుప్పుపట్టిన యొక డీజిలు ఇంజను. దాని ప్రక్కను సున్నముతో వ్రాసిన యొక అంకె. వేలములో దాని కేర్పడిన లాటు సంఖ్య యది. "అమ్మేశార్రా. వచ్చేవారం కోసేస్తారట," అనిరి. వారి గొంతు మారినది.

నేను సంస్కృతము చదువుకొన్నవాడను. ప్రతిదినము నలుబదిమంది పిల్లలకు ఏదో యొకటి బోధించు అలవాటు గలవాడను. ఎదుటివారు దుఃఖించుచుండగా ఊరకుండుట నాకు చేతకాదు. "అది జడం కదా మావయ్యా! ఇనుము పోయి ఇనుములోనే కలుస్తుంది. దానికి లేని బాధ మనకెందుకు?" అంటిని. వారు ఫోనును జేబులో పెట్టుకొని, "నిజమేలే," అని లేచి వెళ్లిపోయిరి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. నేను చెప్పినది అసత్యము కాదు. అయినను తప్పు చేసితినని మనసు చెప్పుచుండెను. సత్యమైన మాట తప్పెట్లగును? ఆ చిక్కును విడదీసికొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

షంటింగు ఇంజనును పాఠకులలో పలువురు చూచియే యుందురు గాని గమనించి యుండరు. మెయిలుబండిని లాగు ఇంజనునకు ఒక గమ్యము కలదు. దానికొరకు కాచుకొని యుండు జనము కలదు. షంటింగు ఇంజను ఎక్కడికిని పోదు. ఒక ఆవరణలో రెండు మూడు మైళ్ల పట్టాలపై ముందునకును వెనుకకును నడచుటయే దాని బ్రదుకు. నిండిన వ్యాగనులను తెచ్చి సరకు దించుచోట నిలుపును. ఖాళీయైన వానిని ఈడ్చుకొనిపోయి వేరొక వరుసను చేర్చును. తూకమునకై ఒక్కొక్కదానిని నిలిపి కదల్చును. మన యిండ్లలో వంటయింటికిని నూతికిని నడుమ ఇల్లాలు ఒక జీవితకాలమున నడచు దూరమును లెక్కింపగలిగినచో, అది కాశికి పోయివచ్చిన దానికంటె తక్కువ కాదు. కాని ఆమె యాత్ర చేసినదని యెవరును అనరు. ఈ ఇంజను పనియు అట్టిదే.

మా మేనమామగారు నడిపినది రైలుశాఖవారు డబ్ల్యూ.డి.ఎస్.-6 అని పిలుచు తరగతిలోనిది. ఆరు సిలిండరులు, 1,350 అశ్వశక్తి, 126 టన్నుల బరువు. దేశమందలి ఉక్కు కర్మాగారములలోను, రేవులలోను, విద్యుత్కేంద్రములలోను ఈ తరగతి ఇంజనులు పెక్కు పనిచేసినవి. డీజిలు ఇంజనని పేరేగాని, నూనెను మండించు యంత్రము దీనిలో చక్రమును త్రిప్పదు. అది జనరేటరును త్రిప్పి విద్యుత్తును పుట్టించును; ఆ విద్యుత్తు ఇరుసుల కడనున్న మోటారులకు పోయి చక్రములను కదల్చును. డ్రైవరు చేతిక్రింద ఎనిమిది మెట్లుగల పిడి యొకటి యుండును. ఒక్కొక్క మెట్టు ఎక్కించుకొలది బలము పెరుగును. వినుటకు ఇంతే. కాని ఇనుప చక్రము ఇనుప పట్టాపై ఆనుచోటు ఒక రూపాయి బిళ్లంత. వానపడి పట్టా తడిసినపుడు, వెనుక రెండువేల టన్నుల బరువుండగా, చక్రము నిలిచినచోటనే గిరగిర తిరుగును. అప్పుడు చక్రము ముందర ఇసుక రాల్పవలెను. ఏ మెట్టున రాల్పవలెను, ఎంత రాల్పవలెను అనునది పుస్తకమున వ్రాసియున్నను చేతికి రావలసినదే గాని చెవికి వచ్చునది కాదు.

విశాఖ ఉక్కు కర్మాగారమున లోహమును కరగించు మహాకొలుములకు గోదావరి యనియు, కృష్ణ యనియు, అన్నపూర్ణ యనియు పేరులు పెట్టిరి. గోదావరి నీటితో పెరిగిన మాబోంట్లకు ఆ పేరు వినగానే ఒక సంతోషము. ఆ గోదావరినుండి ప్రవహించు ద్రవలోహమును, నడుమ ఉబ్బిన చుట్టవలె నుండు పెద్ద తొట్టెబండ్లలో ఉక్కు తయారగుచోటికి ఈడ్చుకొని పోవునవి డీజిలు ఇంజనులే. ఇంచుమించు 1,400 డిగ్రీల వేడిగల లోహము వెనుక నుండగా ఒక కుదుపు కుదిపినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. మా మేనమామగారి కర్మాగారము వేరు. అచట కరగిన లోహము లేదు, బొగ్గును బస్తాలును మాత్రమే. అయినను చేతి మెత్తదనము ఒక్కటే. "వ్యాగన్ని వ్యాగన్‌కి తగిలించేటప్పుడు చప్పుడు వినపడకూడదు, ముద్దు పెట్టినట్టుండాలి," అని వారు మా చిన్నతనమున చెప్పుచుండెడివారు. మా అత్తగారు సిగ్గుపడి లోపలికి పోయెడివారు.

ఇట్టి యంత్రమునకు రైలుశాఖవారి నిబంధన ఆయుర్దాయమును 36 ఏండ్లుగా నిర్ణయించినది. అది నిండిన పిమ్మట కొందరు అధికారులు కూడి చూచి, బాగుచేయుట కగు ఖర్చు దానివలని ప్రయోజనమును మించునని తేల్చి 'కండెం' చేయుదురు. ఈ మాటను గమనింపుడు. ఆంగ్లమున అది నేరస్థునకు శిక్ష విధించుటను చెప్పు మాట. మన కార్మికులు దానిని తెలుగు మాటవలె చేసికొని 'కండెం బండి' యనుచుందురు. ముప్పదియారేండ్లు బరువు లాగినవానికి న్యాయస్థానపు భాష! ఇటీవలి సంవత్సరములలో మన బ్రాడ్‌గేజి మార్గములు దాదాపుగా అన్నియు విద్యుత్ తీగల క్రిందికి వచ్చినవి. డీజిలు ఇంజనుల కెల్ల కాలము దగ్గరపడినది. ఒకనాడు ఆవిరి ఇంజనులను పొగచూరిన ముసలివని పరిహసించి వాని స్థానమున వచ్చినవి ఇవియే. కావున కాలమును నిందింపను. పాతది పోవలసినదే.

ఇక నా చిక్కు. రోమకులలో కేటో యనువాడు, క్రీస్తుకు పూర్వము 234 మొదలు 149 వరకు జీవించినవాడు, మితవ్యయమునకును కఠిన నీతికిని పేరెన్నిక గన్నవాడు. అతడు వ్యవసాయమును గూర్చి వ్రాసిన గ్రంథమున, గృహస్థు అమ్మివేయవలసిన వానిని చెప్పుచు, ముసలియెడ్లు, పాతబండి, పాత ఇనుప పనిముట్లు, ముసలి బానిస, రోగియైన బానిస, మరియు మిగులుగా నున్నది ఏదైనను అని యొక్క వరుసనే పేర్కొనెను. సుమారు రెండువందల యేబది యేండ్ల పిమ్మట ప్లుటార్కు కేటో జీవితమును వ్రాయుచు ఈ చోట నిలిచి కోపించెను. ప్రాణము గలవానిని అరిగిన చెప్పులవలెను పగిలిన కుండలవలెను పారవేయరాదనియు, తానైనచో పనిచేసి ముసలిదైన యెద్దునైనను అమ్మననియు చెప్పెను. ఏథెన్సున ఆలయనిర్మాణమునకు రాళ్లు మోసిన కంచరగాడిదలను విడిచిపెట్టగా, అందొకటి తనంత తానే మరలి వచ్చి, బరువుమోయు వాని ముందర నడచి దారి చూపెననియు, పౌరులు దానిని బ్రతికినంతకాలము ప్రభుత్వపు ఖర్చుతో మేపిరనియు ఒక కథను చెప్పెను. నేను తరగతిలో ఈ కథను పలుమారులు చెప్పియున్నాను. పిల్లలకు కంచరగాడిద మిక్కిలి నచ్చును.

కాని ప్లుటార్కు గీచిన గీటు ఎచట నున్నది? ప్రాణమున్నది ఒకవైపు, చెప్పులు ఒకవైపు. ఇంజను చెప్పులవైపుననే పడును. ఆ లెక్కను చూచిన నేను మామగారితో చెప్పిన మాట ప్లుటార్కు మాటయే. మా నాయనగారు ముసలియెద్దును సంతకు తోలిన దినమున రాత్రి అన్నము ముట్టలేదు. ఆ దుఃఖమును నేను అర్థము చేసికొంటిని. యెద్దు నొచ్చుకొనును, దాని బాధ దానిది, మనము లేకున్నను దానికి మనపై ఒక హక్కు కలదు. ఇంజను నొచ్చుకొనదు. దాని పేరిట అడుగుటకు ఎవరును లేరు. జర్మను తత్త్వవేత్త కాంటు ఇంకొక మెట్టు క్రిందికి దిగి, పనికిరాని ముసలికుక్కను చంపినవాడు కుక్కకు ద్రోహము చేసినవాడు కాడు, తనలోని మనుష్యత్వమును చెడగొట్టుకొన్నవాడు అనెను. కుక్క విషయమున ఆ మాట నాకు రుచింపదు. కుక్కకే ద్రోహము చేసినాడందును. కాని విచిత్రమేమనగా, కుక్కకు చాలని ఆ మాట ఇంజనునకు సరిపోవుచున్నది.

ఇక్కడ నొక సందేహము. ఇనుమునకు విలువ దాని పనివలననే యనుకొందము. మా ప్రాంతముననే ఒక దృష్టాంతము కలదు. మండపేటకు రైలు లేదు. ద్వారపూడికో రామచంద్రపురమునకో పోవలెను. కాకినాడనుండి రామచంద్రపురముమీదుగా కోటిపల్లికి 1928లో వేసిన 45 కిలోమీటరుల మార్గమును, రెండవ ప్రపంచయుద్ధపు అవసరములకని 1940లో పెరికివేసిరి. మరల అక్కడ బండి నడచుట 2004లోగాని కాలేదు. అరువదినాలుగేండ్ల యెడము. ఈ నడుమ మా పెద్దలు తలచుకొని విచారించినది పట్టాలను గూర్చి కాదు; కోటిపల్లి రేవునకును, ద్రాక్షారామ తీర్థమునకును, కాకినాడ చదువులకును తెగిపోయిన దారిని గూర్చి. క్రొత్త పట్టాలు పడగానే ఆ విచారము తీరినది. పాత పట్టాలు ఏ యుద్ధభూమిని తుప్పుపట్టినవో ఎవరును అడుగలేదు. అడుగనక్కరయు లేదు. అచట ఏ పట్టాయైనను పట్టాయే.

మరి మామగారి ఇంజను? రెండు దినములు తాళి, సిగ్గు విడిచి, వారింటికి పోయి అదే అడిగితిని. చక్రములు ఎన్నియోమార్లు మార్చిరి; మోటారులు మార్చిరి; సిలిండరులు మార్చిరి; రంగు మార్చిరి. ఇక మీరు విచారించుచున్నది దేనికని. నాగసేన భిక్షువు మిళిందరాజును రథమును గూర్చి ప్రశ్నించి, చక్రము రథమా, ఇరుసు రథమా యని అడిగి, రథమనునది పేరు మాత్రమే యని ఒప్పించిన కథ నా మనసులో నుండెను. మామగారు ఆ కథ వినలేదు. వారు కొంచెముసేపు ఆలోచించి, "నాలుగో మెట్టు నుంచి అయిదో మెట్టుకి వెళ్లేటప్పుడు ఓ క్షణం ఆగేదిరా. గొంతు సవరించుకున్నట్టు. ఎన్ని మార్చినా అది మాత్రం మారలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఆ క్షణం ఆగలేక ఆరులోకి తోసేవాళ్లు, చక్రం జారిపోయేది. నాకు తెలుసు గనక ఆగేవాణ్ణి," అనిరి. నాగసేనుని కెదురుగా రాజుగాక సారథి కూర్చుండి యుండిన, ఆ సంవాదము వేరొక దారిని పోయి యుండునేమో.

అప్పుడు నాకు కొంత వెలుగు కనబడినది. ఆ క్షణకాలపు ఆగుదల ఇంజనులో సగము, మామగారి చేతిలో సగము కలదు. ముప్పదియేండ్లలో ఆ చేయి నేర్చుకొన్న విద్యకు ప్రపంచమున ఒక్కటే పాఠ్యపుస్తకము. దానిని గ్యాసుమంటతో కోయుచున్నారు. సంస్కృతమును మాటలాడువారు, చదువువారు ఒక్కరును మిగులక, గ్రంథములన్నియు నూకలకు అమ్ముడుపోయిన దినమున ఎవడైన వచ్చి, 'కాగితము జడము గదా' యని నన్నోదార్చినచో నేనేమందును? ఇనుము జడమనుట సత్యమే. ఆ సత్యము అచట అడుగబడలేదు. అడుగని ప్రశ్నకు సమాధానము చెప్పుట మా ఉపాధ్యాయులకు పుట్టుకతో వచ్చిన దోషము.

కాని మాట అంతటితో ముగియలేదు. మామగారు ఇంకొక సంగతి చెప్పిరి. ప్రతి ఇంజనునకును ఒక పుస్తకముండును. ఏ దినమున ఎంత నూనె త్రాగినది, ఏ బోల్టు వదులైనది, చక్రపు అంచు ఎంత అరిగినది, ఏ పరీక్ష ఎప్పుడు జరిగినది, ఎవరు చేసిరి, ఎవరు సంతకము పెట్టిరి అన్నియు దానిలో నెక్కును. చక్రము ఇంత సన్నగిల్లిన పిమ్మట వాడరాదని ఒక హద్దు కలదు. దానిని కొలుచుటకు ప్రత్యేకముగా ఒక పరికరము కలదు. ఆ ఇంజను పుస్తకములు ఒక బీరువాడు నిండినవట. ఒక సంవత్సరము, మామగారు సెలవులో నున్న దినమున, వ్యాగనులను తగిలించుచుండగా ఒక పాయింట్స్‌మన్ కుడిచేయి కప్లింగుల నడుమ పడి నలిగినది. అతడు కాంట్రాక్టరు మనిషి. ఆ దినపు పుటలో అతనిని గూర్చి వ్రాసినది ఒక్క పంక్తి. అదియు, పని రెండుగంటలు ఏల నిలిచినదో చెప్పుటకు. అతని పేరు లేదు. తరువాతి పంక్తిలో కప్లింగును పరీక్షించి సరిగా నున్నదని వ్రాసి యిద్దరు సంతకములు పెట్టిరి.

కేటో వరుసను మరల చదువుడు. పాత ఇనుమును అమ్ముమనుటలో తప్పులేదు. ఇనుమును, మనుష్యుని ఒకే వాక్యమున పెట్టుటలో నున్నది తప్పు. మనకాలమున మనమింకొక మెట్టు దిగితిమి: ఆ వాక్యమున మనుష్యుని పేరైనను లేదు. ఇంజనునకు చరిత్రను వ్రాసి, దాని ప్రక్కను పరుగెత్తినవానికి వ్రాయలేదు. కాబట్టి యంత్రముపై అంత శ్రద్ధ యేల యని కొందరు నీతివాదులు కోపింతురు. నేనట్లనను. ఆ శ్రద్ధ మంచిదే. చక్రపు అంచు ఎంత అరిగినదో కొలుచునట్లు ఒక మనుష్యుని నడుము ఎంత అరిగినదో, చెవి ఎంత వినుచున్నదో కొలుచువారుండిన, హద్దు దాటకముందే ఆపువారుండిన, ఎంత బాగుండెడిది! మనకు శ్రద్ధ చూపుట తెలియనిది కాదు. ఎవరికి చూపవలెనో అచట లెక్క తప్పినది.

ఆయుధపూజయు ఇట్టిదే. మండపేటలో దసరానాడు రైసుమిల్లులలో యంత్రములకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టుట చిన్నప్పటినుండియు చూచుచున్నాను. దీనిని మూఢాచారమని వెక్కిరించు సంస్కర్తలతో నేనొకప్పుడు గొంతు కలిపితిని. ఇప్పుడు కలుపను. బ్రదుకుతెరువు చూపిన వస్తువు ఎదుట ఏడాదికొకసారి తలవంచుటలో అవమానమేమియు లేదు. కాని మిల్లుకు పూజచేసి, ఊకదుమ్ములో ఇరువదియేండ్లు దగ్గిన హమాలీని మరునాడు "ఇక రావద్దు" అని పంపినచో, ఆ కుంకుమ ఎవరి నుదుటిదని అడుగవలసియున్నది.

మరికొన్ని దినములకు మామగారి స్నేహితుడు రెండవ ఛాయాచిత్రమును పంపెను. ఇంజను సగము కోసినారు. పైకప్పు లేదు, రాగితీగల కొరకు జనరేటరును ముందే ఊడదీసికొని పోయిరి, సీసపు బ్యాటరీలు నేలమీద వరుసగా నున్నవి. ముగ్గురు మనుష్యులు గ్యాసుమంటతో ప్రక్క రేకును కోయుచున్నారు. కాలిన రంగుపొగ వారి ముఖములకు క్రమ్మియున్నది. నోటికి తువాళ్లు చుట్టుకొన్నారు. నేను ఇంజనును చూచుచు, మామగారికి ఏమి చెప్పవలెనా యని మాటలు వెదకుకొనుచుంటిని. వారు ఫోనులోని బొమ్మను వ్రేళ్లతో పెద్దదిచేసి నాకు చూపి, "చూడు, కాళ్లకి చెప్పులే. ఇలాంటిచోట నిప్పురవ్వ పడితే? పైనున్న రేకు ఎటు ఒరుగుతుందో వాళ్లకెవరైనా చెప్పారో లేదో. ఆ ప్రక్క దూలం బరువు నాకు తెలుసు," అని వెంటనే ఆ స్నేహితునకు ఫోను చేసి, ఎడమవైపు దూలమునకు గొలుసు వేయించిగాని కోయరాదని వారితో చెప్పుమని గట్టిగా చెప్పిరి. ఇంజనును గూర్చి ఒక్కమాటయు అడుగలేదు.

జడవస్తువుపై మమకారము మనుష్యులపై ప్రేమను హరించునని నేను చదివిన గ్రంథములు చెప్పినవి. ఆ ఇంజనును ప్రేమించిన మనుష్యుడే, దానిని కోయువారి కాళ్లను చూచెను. జడమని ఎరిగిన నేను చూడలేదు. ఈ రెంటికిని సంబంధము లేదని యెవరైన వాదించినచో నావద్ద నిరూపణము లేదు. కాని నాకు సంబంధమున్నదనియే తోచును. ఒక వస్తువును చిరకాలము శ్రద్ధతో చూచిన కన్ను దానిచుట్టును నున్నదానినంతటిని చూచుటకు అలవాటుపడును. యంత్రమునకు ఋణపడుదుమా యన్న నా ప్రశ్నకు, ఇనుముపరముగా చూచినచో, లేదనియే నేటికిని చెప్పుదును. దానిని మ్యూజియములో నిలిపి పూలు చల్లుమనను. ఆ ఉక్కు కరగి ఇంకొక పనికి పోవుట మేలు. నేలనుండి ముడిఖనిజము త్రవ్వుటకంటె పాత ఉక్కును కరగించుటకు పట్టు శ్రమయు నిప్పును తక్కువ. దీనిని పునర్జన్మమని కొందరు కవిత్వము చెప్పుదురు. ఆత్మ లేనిదానికి పునర్జన్మమేల? ఆ మాట వలన కోయువాని కాళ్లకు బూట్లు రావు.

నేను చేయగలిగిన దొక్కటి తోచినది. క్రొత్త నోటుపుస్తకము నొకటి తీసికొని మామగారి కడకు పోయి, "మావయ్యా, మీ డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్ల పేర్లు చెప్పండి, రాసుకుంటాను," అంటిని. ఎందుకని వారడుగలేదు. కండ్లు మూసికొని, ఒక్కొక్కని పేరు, ఊరు, అతడు దీపమూపు తీరు, వేయు ఈల, అలిగినపుడు చేయు పని, అన్నియు చెప్పుచుండగా నేను వ్రాయుచుంటిని. చేయి నలిగిన మనిషి పేరు మొదటనే వచ్చినది. అతడిప్పుడు తుని దగ్గర కిరాణాకొట్టు నడుపుచున్నాడట. పదునొకండు పేరులైన పిమ్మట పండ్రెండవదానికడ వారు ఆగిరి. మనిషి కనుల ఎదుట నున్నాడు, పొట్టివాడు, మెడలో ఎఱ్ఱతువాలు, పేరు మాత్రము రాలేదు. దీపములు పెట్టు వేళవరకు ప్రయత్నించి, "పోనీలే, పొద్దుపోయింది," అనిరి. నేను పుస్తకమును మూసి యింటికి వచ్చితిని.

తెల్లవారుజామున నాలుగుగంటలకు నా ఫోను మ్రోగినది. ఏ ప్రమాదమో యని గాభరాపడి తీసితిని. మామగారు. పలుకరింపు లేదు. ఆ పేరు చెప్పి, "రాసుకున్నావా?" అని అడిగిరి.